సాంచెల సైగలు

అట్ల కాదు మేడం, కాలేజి పంతులమ్మ ఎవరన్న వానల తడుసుకుంట పిల్లల ఇండ్లు తిరుగుతదా? మా ఊరి బడిల పంతులు మేం రాకుంటే పీడ పోయిందనుకునేటోడు. నువ్వేమో ఆటోల ఇరుక్కొని లింబాయత్ దాంక వచ్చినవ్, ఈ బురద గల్లీల మా ఇల్లు ఎతుక్కున్నవ్. ఎందుకు? నీకేం ఫాయిదా?

ఆగాగు. నువ్వేం చెప్పకు. ముందుగాల నేను చెప్త, నువ్వు ఇను. నాదంత అయినంక నీ దారి నీది. ఆ అరుగు మీద కూసో. గోడకు ఒరగకు, చెమ్మ ఉన్నది. మాస్కు గూడ తియ్యకు. మొన్న ఎండకాలం ఈ గల్లీలకెల్లి ఎంతమందిని మోసుకపోయిండ్రో మాకెర్క.

నువ్వెందుకొచ్చినవో నాకు తెల్వదనుకోకు. హారతి ఫోన్ కోసం వచ్చినవ్. ఫోన్ నా కాడనే ఉన్నది. అండ్ల ఉన్న వీడియో రేపు మీ కాలేజంత చూస్తరట గదా. వేరే ఊర్లకెల్లి పెద్ద సార్లు గూడ చూస్తరట. అది పంపకుంటే హారతికి మార్కులు రావట, సాల్ ఖరాబైతదట. ఇదంత నా పెండ్లాం సమ్మక్క చెప్పింది. చెప్పి ఏడ్సింది. హారతి ఏడ్వలే, అన్నం తింటలేదు అంతే. ఎవరు ఏడ్సినా, నువ్వే వచ్చినా, నేను ఇయ్య.

అటు ఇటు చూడకు, హారతి లేదు. వాళ్లవ్వతోని టీకా లైన్ల నిలవడ్డది. ఇంట్ల నేనొక్కన్నే. వాళ్లు లేంది చూసుకొనే వచ్చినవా ఏంది?

అసలు నిన్ను మేడం అనాల్నా, కరుణా అనాల్నా? మా నర్సింగం బిడ్డవే గదా నువ్వు. ఈ ఊర్లనే బమ్రోలిల మీ బాపూ నేనూ ఒక్క కార్ఖానాల పక్కపక్కన సాంచెలు నడిపినం, బట్ట నేసినం. నువ్వు రెండు జడలేసుకొని మీ బాపుకు సద్ది డబ్బా తెచ్చేదానివి. ఆ పిల్ల ఇయ్యాల కాలేజిల ఎకనామిక్స్ చెప్తుందంటే నాకు సంతోషమే. కాని సంతోషం వేరే, అనుమానం వేరే.

నాకు నీ మీద శక్ మొదటి దినమే వచ్చింది. కరోనా అని కాలేజి బంద్ వెట్టి, ఫోన్లనే కాలేజి అన్నరు గదా, అప్పుడు. పాఠం షురూ చెయ్యకముందే నువ్వు పిల్లలను అడిగినవట. మీ ఇంట్ల ఎంతమందికి ఒక ఫోను, ఏ యాళ్లకు మీ చేతికొస్తది, ఇంట్ల ఏం భాష మాట్లాడుతరు, కూసోను జాగ ఉన్నదా, చుట్టు చప్పుడున్నదా అని. ఇండ్ల ముచ్చట అడిగినోడు ఎవడన్న మంచికి అడిగిండా? కరోనా షురూల సర్కారోళ్లు గిట్లనే అడిగి రాసుకపోయిండ్రు. తెల్లారి చూస్తే గల్లీకి అడ్డం బొంగులు కట్టి ఉన్నయి.

మల్ల పరీక్ష సంగతి. పరీక్ష అంటే కూసొని రాసేది, రానోడు ఫేలయ్యేది. నువ్వేమో రాసుడొస్తే రాయుండ్రి, మాట్లాడుడొస్తే మాట్లాడి పంపుండ్రి, గుజరాతీలనో హిందీలనో తెలుగులనో మీ ఇష్టం అన్నవట. బజార్ల వంకాయలు ఏరుకున్నట్టు ఏరుకునుడా చదువంటే? గిట్ల చదివినోళ్లకు రేపు ఎవడన్న నౌకరి ఇస్తడా, లేకుంటే అది గూడ ఏరుకోమంటడా?

ఇంకోటి చెప్త ఇను. నేను పాఠం ఎట్ల చెప్తే మీకు తెలుస్తదో మీరే చెప్పుండ్రి అన్నవట పిల్లలతోని. సేఠ్ కార్ఖానాలకొచ్చి, సాంచెలు ఎట్ల నడపాల్నో మీరే చెప్పుండ్రి భాయీ అంటే మేమేమనుకుంటం? ఇయ్యాల ఎవల్నో తీసేస్తుండు అనుకుంటం. నాకూ గట్లనే అనిపించింది.

ఏందో అంటున్నవ్, మాస్కు కదులుతుంది. నీళ్లా? బిందెల ఉన్నయి, గ్లాసు మీదనే బోర్లించి ఉన్నది. కాదా? సరె తియ్యి. నా ముచ్చట కానియ్యి.

అసలు సంగతి అటెనుక జరిగింది. ఒకనాడు డ్యూటీ దిగి ఇంటికొచ్చిన. హారతి మూలకు కూసొని, సందుగ మీద ఫోన్ నిలవెట్టుకున్నది. నోరు కదుల్తలేదు. చేతులు కదుల్తున్నయి. ఫోన్ల ఒక పోరడు, అద్దాలు వెట్టుకున్నోడు. వాడూ చేతులే తిప్పుతుండు. ఇది నవ్వుతుంది, వాడు నవ్వుతుండు.

ఆడివిల్లను కన్నోడు నేను, ఏమనుకోవాలె చెప్పు. నోటితోని మాట్లాడితే పక్కింటోళ్లు ఇంటరని భయముంటది. చేతులకు ఆ భయం గూడ లేకపాయె. ఆ రాత్రి నాకు అన్నం పోలే.

సమ్మక్కను అడిగిన. ఆ పోరడు శ్యాంసుందర్ అట. మనోళ్లే, ఉన్ అనే బస్తి దిక్కు ఉంటరట. పుట్టినకాడికెల్లి వానికి ఇనబడదట. మీ క్లాసుల చదువుతుండట. వాని కోసమని నువ్వు మాట్లాడిందంత కింద అక్షరాలల్ల పడేటట్టు చేసినవట, అందరు పిల్లలు చేతులతోని చెప్పుడు గూడ నేర్సుకోవాలె అన్నవట. ఇనబడనోనికి కాలేజిల సీటెట్ల ఇచ్చిండ్రే అని అడిగిన సమ్మక్కను. అది నన్ను అదో తీరుగ చూసింది. ఎందుకట్ల చూసిందో నాకు అప్పుడు తెల్వలే.

శక్ అంతటితోని పోతుండె. పోలే. ఎందుకంటే ఆ చేతులు మావి.

నీకు చెప్పే పని లేదు గాని, సాంచెలన్నీ ఒక్కసారి నడుస్తుంటే పక్కోడు చెవుల మూతి వెట్టి మొత్తుకున్నా ఇనబడది. అందుకే మాకు సైగలు. రెండు వేళ్లు కత్తెర తీరుగ ఆడిస్తే పోగు తెగిందని. అరచెయ్యి బోర్లించి నొక్కితే బంద్ చెయ్యమని. బొటనవేలు గదువ మీద గీస్తే మా పని మీద నిగా వెట్టే మాస్టర్ వస్తుండని. మా మాస్టర్‌కు గడ్డముంటది. మిగతా సైగలు ఆయనకు గూడ ఎర్కే గాని, ఆ గదువ సైగ ఒక్కటి ఎర్క లేదు. ఎవడన్న జర నడుం వాల్చినా, బయటికి పోయి నాలుగు మాటలు మాట్లాడినా ఆ ఒక్క సైగే కాపాడుతది. అది గిన మాస్టర్‌కు తెలిసిందంటే మా పని ఖతం. ఇండ్లల్ల పిల్లలకు ఎట్ల తెలిసిందంటవా? ఇంటికొచ్చినా మా చేతులు ఊకుంటయా? అలవాటు గదా.

హారతి గదువ మీద బొటనవేలు గీసింది. నా కండ్లతోని నేను చూసిన. ఆ ఫోన్ల ఒక్క శ్యాంసుందరే లేడు. కింద చిన్న చిన్న డబ్బలల్ల మస్తు మొకాలున్నయి. అండ్ల ఒక మొకం మా సేఠ్ తమ్ముని కొడుకుది. దీవాళికి కార్ఖానాల మిఠాయి పంచేతందుకు వస్తడు, మంచిగ ఎర్క నాకు.

ఇగ చెప్పు. నిన్ను సేఠ్ పెట్టిండనుకున్న. నిజంగనే అనుకున్న. కారీగర్ల, పనోళ్ల గుట్టు వాళ్ల పిల్లల చేతులకెల్లే గుంజేతందుకు, కాలేజి పేరు చెప్పి ఈ కత నడుపుతుండ్రనుకున్న. నవ్వకు. మాస్కు ఎనుక నవ్వినా కండ్లు చెప్తయి.

తెల్లారి కార్ఖానాకు పోయి సైగ మార్చిన. చాయ్ బండి కాడ అందరినీ పిలిచి, ఇయ్యాల్టికెల్లి గదువ కాదు, మాస్టర్ వస్తే బుజం తట్టుకోవాలె అని చెప్పిన. ఎందుకన్నరు. నేను చెప్పలే. నా బిడ్డ పేరు ఎట్ల చెప్త? సగం మంది సరె అన్నరు, సగం మంది చాయ్ తాగి మర్సిపోయిండ్రు.

వానకాలం, కార్ఖానా నిండ దోమలు. ఒకడు దోమ కుట్టి బుజం మీద కొట్టుకుంటే అందరు ఉరికొచ్చి సాంచెల కాడ నిలవడ్డరు. చూస్తే మాస్టర్ లేడు. గట్ల రెండు మూడుమాట్ల అయింది. నన్ను తిట్టుకుంట పోయిండ్రు. సాయంత్రం మాస్టర్ నిజంగనే వచ్చిండు. నేను బుజం మీద తట్టుకుంటున్న, తట్టుకుంటున్న. మాతోని పనిజేసే రాజనర్సు నన్ను చూసిండు, దోమనే అనుకున్నడు, హాయిగ కూసొని బీడి తాగిండు. దొరికిండు. మాస్టర్ తిట్టిన తిట్లు నాకు ఇనబడకున్నా మూతి చూస్తే తెలుస్తనే ఉన్నది. ఆయన్ను ఇంటికి పంపిండు, నేను పిలిచినప్పుడే రా అన్నడు.

ఇప్పుడు రాజనర్సు మొకం తిప్పుకొని పోతుండు. మిగతావోళ్లు నా దిక్కు సైగలు చేస్తలేరు. అందరు ఒక తీరుగ మాట్లాడుకుంటుంటే నడుమల నేను మోడు లెక్క నిలవడుతున్న. కోపం ఎవరి మీద రావాలె మరి? నీ మీదనే వచ్చింది.

ఆనాడే ఇంటికొచ్చి హారతి చేతులకెల్లి ఫోన్ గుంజుకోబోయిన. ఏం పంపుతున్నవో చూపెట్టు అన్న. అది ఇయ్యనని ఎనుకకు దాసింది. ఇదివరకు ఎన్నడు నాకు ఎదురు చెప్పలే. ఇయ్యనన్నదంటే అండ్ల ఏమో ఉన్నదన్నట్టే గదా. సమ్మక్క నడుమకొచ్చి, ఫోన్ తీసి, ఆ వీడియో పెట్టి నా చేతికిచ్చింది. ఇచ్చి ఇంట్లకెల్లి బయటికి పోయింది.

నువ్వే ఇచ్చిన పనట అది. నేర్సుకున్నదాంట్ల ఒక్క పాఠం తీసుకొని, ఇంట్ల చదువు అందని మనిషికి అందేటట్టు చెప్పి, వీడియో తీసి పంపాలెనట. తలకాయ ఆడిస్తున్నవ్. అంటే నిజమే.

హారతి వీడియోల నోరు తెరవలే. సమ్మక్క మడత వెట్టే చీరల మూట ముంగటేసుకొని, ఇది ఢిల్లీ బజారు అన్నట్టు చూపెట్టింది. దాని మీద అరచెయ్యి నొక్కింది, బజారు బంద్. దాని పక్కన ఒక గిన్నె, అది రింగ్ రోడ్డు బట్టల వ్యాపారి. ఆయనా బంద్. ఆ పక్కన నూలు చుట్టే మా బాబిన్ ఒకటి నిలవెట్టింది, అది సాంచె. అదీ బంద్. సాంచె బందైనంక మనిషి, మూట నెత్తికెత్తుకొని రైలెక్కుడు. ఈ కత మాకు తెల్వందా? పోయొచ్చినోళ్లం మేమే గదా.

కాని అది ఆడ ఆగలే. మల్ల బజారు తెరిచింది, వ్యాపారి తెరిచిండు, సాంచె షురూ అయింది. మరి మా కూలి రేటు ఎందుకు పెరగలే అని అడిగింది. అడిగి, అగ్గిపుల్లలన్నీ తెచ్చి ఆ ఒక్క బాబిన్ ముంగట వరుసగ నిలవెట్టింది. రైలు దిగి వచ్చినోళ్లు వాళ్లు. గదువ మీద బొటనవేలు గీసి మాస్టర్‌ను పిలిచింది. మాస్టర్ ఒక పుల్ల తీసుకుండు. ఆ పుల్ల రేటు పెంచుమంటే పక్కకేసి ఇంకో పుల్ల తీసుకుండు. ఇంకోటి. ఇంకోటి. పుల్లలు ఒడుస్తలేవు.

నేను ఏడాది సంది మాస్టరే మా రేటు మింగిండని తిట్టుకుంటున్న. సేఠ్ ముంగట వాడు గూడ ఆ వరుసల ఒక పుల్లనే అని ఎన్నడు అనుకోలే. శ్యాంసుందర్‌తోని చేతులు తిప్పింది గూడ దీని కోసమేనట, వానికి తెలుస్తుందా లేదా అని చూసుకునుడట. ఇగ సేఠ్ తమ్ముని కొడుకుకు గదువ సైగ తెలిసినా, అది పాఠంల మాస్టర్ గడ్డమనే అనుకుంటడు. నేను ఊకెనే రాజనర్సు కూడు చెడగొట్టిన.

పాఠం గింత మంచిగున్నది, మరి ఫోన్ ఎందుకు దాస్తివి అని అడుగుతున్నవా? మాస్కు మల్ల కదులుతుంది. అవునవును. ఎందుకట్ల చూస్తున్నవ్? అవునవును అన్న గదా. అది జవాబు కాదా?

ముత్యం ఎర్కనేనా నీకు? మీ బాపుకు గూడ దోస్తు. నా పక్క సాంచెలు ఆయనయి. మొదటి లాక్‌డౌన్ అయి మేం మల్ల వచ్చినంక ఒకనాడు కరెంటు పోయింది. సాంచెలన్నీ ఆగినయి. మాస్టర్ ఎనుకకెల్లి ముత్యాన్ని పిలిచిండు. పలకలే. మల్ల పిలిచిండు, మల్ల పలకలే. సాంచెలు నడుస్తుంటే ఎవలకు ఇనబడకున్నా చెల్లుతది. అన్నీ ఆగినప్పుడు ఇనబడలేదంటే ఇగ ఎట్ల దాస్తడు? బెల్టుల చెయ్యి వడితే ఎవడు జవాబుదారి అన్నరు, హిసాబ్ చేసి పంపిండ్రు. ఆయన పోయేటప్పుడు గేటు కాడ మావోళ్లు ఒకరికొకరు సైగ చేసుకున్నరు. చెవి మీద చెయ్యి వెట్టి, అరచెయ్యి బోర్లించి నొక్కిండ్రు. చెవి బంద్.

అప్పటికెల్లి కరెంటు పోయిందంటే నాకు చెమటలు వడ్తయి. అందరి మెడలు ఎటు తిరిగితే అటు తిరుగుత. వాళ్లు నవ్వితే నవ్వుత. మూతి కనవడితే సగం తెలుస్తది, సగం అందాజతోని నడిపిస్త. ఈ మాస్కులొచ్చి ఆ సగం గూడ ఎత్తుకపోయినయి.

ఇగ దాసి ఏం చేసుకోను. బిడ్డా, నువ్వొచ్చినకాడికెల్లి ఏమేమన్నవో నాకు ఒక్క ముక్క ఇనబడలే. సమ్మక్క ఉంటే పక్కకెల్లి అందిస్తుండె, అదీ లేకపాయె. అందుకే నిన్ను నోరు తెరవనియ్యలే. నేను మాట్లాడుతనే ఉంటే నువ్వు అడుగవు, అడుగకుంటే నేను దొరకను.

తల ఊపుతున్నవ్. నీకు ముందుగాలనే తెలుసా? హారతి చెప్పిందా? తెలిసే ఇంతసేపు కూసున్నవా?

అయితే వీడియో షురూల ఏమున్నదో గూడ నీకు తెలిసే ఉంటది. అది మీసం దువ్వింది. మా ఇంట్ల మీసమంటే నేను. చెవి మీద చెయ్యి వెట్టి, అరచెయ్యి బోర్లించి నొక్కింది. ఈ పాఠం ఆయన కోసమని చెయ్యి ముంగటికి చాపింది. కింద గుజరాతీల అక్షరాలు పడ్తున్నయి. సేఠ్ తమ్ముని కొడుకుకు సైగలు రాకుంటే ఏమాయె, అక్షరాలొస్తయి గదా. రేపు వాడు చూస్తడు, ఎల్లుండి ముత్యం ఎనుక నేను. మీ కాలేజిల శ్యాంసుందర్‌కు కుర్చీ ఏసి కూసోవెట్టిండ్రు, మంచిదే. మా కార్ఖానాల గేటు చూపెడ్తరు.

గంతే అయితే భయమనుకుందు. కోపం ఎందుకొచ్చిందంటే, దానికి తెలుసు. ఎన్ని దినాల సంది తెలుసో. రోజూ అన్నం తినేటప్పుడు తల వంచుకొని కంచంల చూసుకుంట కాలేజి ముచ్చట చెప్తది. నాకు మూతి గూడ కనవడది. నేను ఊఁ కొడ్త. మంచిగున్నది బిడ్డా అంట. దాన్ని మంచిగ నమ్మిచ్చిన అని నేను అనుకుంటున్న. అది నా కోసం నమ్మినట్టు చేస్తుంది. ఇంట్ల చదువు అందని మనిషి ఎవరని నువ్వు అడిగితే, దానికి నేనే యాదికొచ్చిన.

నా బిడ్డ ఏం చదువుతుందో నాకు మొట్టమొదటిసారి తెలిసింది ఆ వీడియోలనే. ఎంత మంచిగ చెప్పిందో. అది చూసినంక, కంచం ముంగట అది ఇన్ని దినాలు చెప్పిందంత పోయింది గదా అనిపించింది. ఇగ తట్టుకోలేక ఫోన్ తీసుకపోయి బియ్యం డబ్బాల వెట్టిన.

ఇగో, తీసుకొస్త ఆగు. పట్టు. కాని ఒక్క మాట. మీసం కాడికెల్లి అక్షరాల దాంక ఆ మొదటి ముక్క కోసెయ్యి. మిగతా పాఠమంత చూపెట్టు, ఎవలకన్న చూపెట్టు. కోస్తవా?

గల్లీలకు జరిగి మాస్కు తియ్యి, నీ మూతి చూస్త. మెల్లగ చెప్పు. హారతి... హారతి పాఠం... హారతినే అడగాల్నా? దాని పాఠం, కోసుడు దాని ఇష్టమా?

పోకు బిడ్డా, కూసో. వాళ్లొచ్చే యాళ్ల అయింది. కోసెయ్యి అని దాన్ని అడగాలంటే, నాకు ఇనబడదని ముందుగాల నా నోటితోని నేనే చెప్పాలె గదా. నీకంటే చెప్పిన. దానికి ఎట్ల చెప్పుదు?